కొండంత మడ్డి

కార్ఖానా క్వార్టర్లు
12 జనవరి 1963

విమలక్కకు, తమ్ముడు దశరథం దండాలు పెట్టి రాస్తున్నది.

క్షేమంగా చేరాను. నువ్వు కట్టిచ్చిన సకినాలు నాగపూర్ దాకా కూడా రాలేదు. ఎదురుగా కూర్చున్న మరాఠీ ముసలాయన నన్ను దీవిస్తూ దీవిస్తూ సగం మూట ఖాళీ చేశాడు. బావ ఇచ్చిన బెల్లం ముద్ద మాత్రం దక్కింది, దాని మీద తల పెట్టుకుని పడుకున్నాను కాబట్టి.

అక్కా, నసగకుండా అసలు మాట చెప్పేస్తాను. సెలవుల్లో బావతో కలిసి కాలువ అవతల లింబయ్య మామ గానుగకు పోయాను కదా. అక్కడ పెనం ముందు చిల్లుల గరిటె పట్టుకుని, మరిగే చెరకు రసం మీది మడ్డి తీస్తున్న ఆయన బిడ్డ శంకరమ్మను చూశాను. నేను ఆశకొద్దీ పెనంలో వేలు పెట్టబోతే గరిటె కాడతో నా చేతి మీద ఒక్కటేసి, "చెయ్యి గాలితె మీ అక్కకు జవాబెవరు జెప్పాలె? ఎనకకు జరుగు" అంది. చేతి వాపు తగ్గింది గానీ ఆ మాట చెవిలోంచి పోవడం లేదు. అవ్వ, బాపు లేని ఇంట్లో నాకు నువ్వే దిక్కు. పోయి అడుగు. ఆమె కాకపోతే నాకు పెళ్లే వద్దు. ఇది బెదిరింపు కాదు, నిజం.

పిల్లగాడు ఏం పని చేస్తాడని వాళ్లు అడుగుతారు. నువ్వూ నాలుగేండ్లుగా అడుగుతూనే ఉన్నావు. వివరంగా రాస్తున్నాను, చదివి వినిపించు. మా బట్టీలో ఉక్కు నీళ్లలా కరిగి మరుగుతుంటుంది. రసం మీద మడ్డి తేలినట్టే దాని మీద చిట్టెం తేలుతుంది. ముడి ఇనుములో భాస్వరం, గంధకం లాంటి పాడు సరుకు దాగి ఉంటుంది. బట్టీలో సున్నం వేస్తే ఆ పాడంతా సున్నాన్ని పట్టుకుని పైకొచ్చి చిట్టెంలో చేరుతుంది. దాన్ని వేళకు తీసెయ్యాలి, లేదంటే భాస్వరం మళ్లీ ఉక్కులోకే దిగుతుంది. అటువంటి ఉక్కు చలికాలంలో పెళుసుగా విరుగుతుంది. "చిట్టేన్ని నువ్వు చూసుకో, ఉక్కు సంగతి ఉక్కు చూసుకుంటుంది" అని మా పెద్ద మేస్త్రీ అంటాడు. డ్యూటీ ఎక్కింది మొదలు దిగేదాకా నా కండ్లు ఆ చిట్టెం మీదే ఉంటాయి.

బావకు నా దండాలు చెప్పు.

నీ తమ్ముడు
దశరథం


రుద్రూర్
24 జనవరి 1963

తమ్మి దశరథానికి అక్క దీవెనలు.

నేను ఏడో తరగతి దాకా చదివినదాన్ని, ఉత్తరం పుస్తకంలో ఉన్నట్టే రాస్తాను. కానీ కోపం వస్తే మన మాటే వస్తది. దానికి నన్నేమీ అనొద్దు.

మంచిరోజు చూసి, పసుపు కుంకుమ పట్టుకుని నేనూ మీ బావా లింబయ్య ఇంటికి పోయాము. మంచం వాల్చారు, చాయ్ ఇచ్చారు. పిల్ల తలుపు వెనక నిలబడింది, గాజుల చప్పుడు వినబడుతూనే ఉంది. లింబయ్య నీ జీతం అడగలేదు, ఇల్లు అడగలేదు. "పిలగాడు ఆడ ఏం పని జేస్తడు?" అన్నాడు. నేను మురిసిపోయి నీ ఉత్తరం తీసి గొంతెత్తి చదివాను. ఆ గొంతు అప్పుడే పడిపోయినా బాగుండేది.

రసం మీద మడ్డి తేలినట్టు అని రాశావు చూడు, అక్కడికి వచ్చేసరికి లింబయ్య చాయ్ కింద పెట్టాడు. నా కండ్లు చిట్టెం మీదే అన్న దగ్గర లేచి నిలబడ్డాడు. "అంటే మడ్డి దీసెటోడా? నాలుగేండ్ల సంది గదే పనా? మరి పాకం ఎవరు సూస్తరు?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మీ బావ, "పాకం పెద్ద మేస్త్రీ సూస్తడు గావొచ్చు మామా" అన్నాడు. మనిషికి దేవుడు పెదవులు ఎందుకిచ్చాడో మీ బావకు ఇప్పటికీ తెలియదు.

"మా గానుగల గా పని ఆడపిల్ల జేస్తది. మడ్డి దీసే పిల్లను మడ్డి దీసెటోనికిస్తె, ఇగ ఆ ఇంట్ల బెల్లం వండేదెవరు?" అన్నాడు లింబయ్య. చాయ్ తాగడానికి చేరిన ఇరుగుపొరుగువాళ్లంతా నవ్వారు.

నీకు తెలియంది కాదు. మన దిక్కు గానుగ మీద పాకం పట్టేవాడే దొర. వేళ్ల మధ్య తీగ చూసి అతను దించమంటేనే పెనం దిగుతుంది. మడ్డి గరిటె ఎవరి చేతికైనా ఇస్తారు. ఇంతమందిల ఇజ్జత్ దీసినవ్ గద తమ్మీ! పాకం సూస్త అని రాస్తె నీ సొమ్మేం బోయింది? మడ్డి, చిట్టెం, మడ్డి, చిట్టెం! ఉత్తరం నిండ గదే! ఇదిగో, వచ్చింది మన మాట.

పిల్ల నాకూ నచ్చింది. వెంటనే నీ పని గొప్పదని తెలిసేటట్టు, మడ్డి మాట లేకుండా ఇంకో ఉత్తరం రాయి.

మీ అక్క
విమల


కార్ఖానా క్వార్టర్లు
2 ఫిబ్రవరి 1963

అక్కకు దండాలు.

నీ ఉత్తరం చదివి అన్నం మానేశాను. తర్వాత ఆకలేసి తిన్నాను.

మడ్డి మాట లేకుండా రాయమన్నావు. అది లేకుండా నా పనిలో చెప్పడానికేముంది అక్కా? లింబయ్య మామకు ఇలా చెప్పు. నేను మడ్డి తోడేవాణ్ణి కాను, చూసి తీర్పు చెప్పేవాణ్ణి. పొడుగాటి ఇనుప గరిటెతో బట్టీలోంచి ఇంత చిట్టెం తీసి, చిన్న రొట్టెలా పోసి చల్లారుస్తాను. విరిచి చూస్తాను. గాజులా నల్లగా మెరిస్తే సున్నం చాలలేదని అర్థం. మెరుపు చచ్చి, రాయిలా మట్టిరంగుకు తిరిగితే సున్నం సరిపోయిందని అర్థం. లోపల ఉక్కు ఎలా ఉందో కంటికి కనబడదు, చిట్టెమే చెబుతుంది. మొత్తం మీద వంద పాళ్ల ఇనుముకు ఏడెనిమిది పాళ్ల సున్నం పడుతుంది. నేను తల ఊపితేనే ఇంకా వేస్తారు. ఇది దొర పని కాదా?

ఇంకొక మాట కూడా చెప్పు. శంకరమ్మ మడ్డి తీసే తీరు నేను చూశాను. కొంచెం ముందు తీస్తే మంచి రసం కూడా పోతుంది, కొంచెం ఆలస్యమైతే మడ్డి విరిగి రసంలోనే కలిసిపోతుంది. ఆ పిల్ల సరిగ్గా ఆ నడుమ గరిటె పెట్టింది. మా కార్ఖానాలో ఇందరి చేతులు చూశాను, అంత నిదానమైన చెయ్యి చూడలేదు.

నీ తమ్ముడు
దశరథం


రుద్రూర్
15 ఫిబ్రవరి 1963

తమ్మీ,

దీవెనలు తర్వాత ఇస్తాను. ముందు విను.

నీ ఉత్తరం వచ్చిన రోజు నేను మిరపతోటలో ఉన్నాను. నేను వచ్చేదాకా ఆగొచ్చు కదా, మీ బావ దాన్ని అట్లనే పట్టుకుని లింబయ్య గానుగకు పోయాడు. ఇద్దరికీ చదువు రాదు. అందుకని శంకరమ్మతోనే చదివించారు. ఆ పిల్ల తన సంగతి వచ్చిన చోట ఆగి, "గీడ అక్షరాలు గలీజుగున్నయి బాపూ" అని దాటేసిందట. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

ఈ ఏడు లింబయ్య బెల్లం గట్టిపడక జావలా అవుతోంది. మనిషి పరేషాన్‌లో ఉన్నాడు. వందకు ఏడెనిమిది పాళ్ల సున్నం అని వినగానే చెవులు నిక్కాయి. "ఇనుమునే సాఫ్ జేసే లెక్క, రసమెంత మామా? కార్ఖానా లెక్క తప్పుతదా?" అన్నాడు మీ బావ. "బాపూ, గది ఇనుముకు రాసిండు, మనకు పిడికెడు సాలు" అని పిల్ల మొత్తుకుంది. ఆడపిల్ల మాట ఎవరు వింటారు! సున్నం గంపలతో తెచ్చి పోశారు.

ఏమైందో చెప్పనా? రసం ఎర్రబడి, నల్లబడి, సబ్బు వాసన కొట్టింది. దింపిన తర్వాత గొడ్డు కూడా మూతి పెట్టలేదు. అయినా లింబయ్య ఆశ చావక ఒక ముద్ద నిజామాబాద్ గంజ్ బజారుకు పట్టుకుపోయాడు. సేటు వాసన చూసి, "పండుగకు గోడలకు పూసుకోరాదు?" అన్నాడట. లింబయ్య అక్కడి నుంచి నేరుగా మా వాకిట్లోకి వచ్చి, "నీ తమ్ముడు నా పెనాన్ని సున్నపు బట్టీ జేసిండు!" అని కాలువ అవతలికి వినబడేటట్టు అరిచాడు. ఇప్పుడు ఊర్లో నీ పేరు సున్నం దశరథం.

మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టయింది నా బతుకు. నువ్వు రాసుడెందుకు, ఈయన మోసుడెందుకు, నేను మొత్తుకునుడెందుకు! మీ బావకు అప్పటి నుంచి చాయ్‌లో చక్కెర వెయ్యడం లేదు.

అక్క


కార్ఖానా క్వార్టర్లు
22 ఫిబ్రవరి 1963

అయ్యో అక్కా! అది ఇనుముకు!

ఇనుముతో పాటు మట్టి, ఇసుక లాంటివి ఉంటాయి, వాటిని పట్టడానికి అంత సున్నం కావాలి. రసంలో పోస్తే రంగు చచ్చి ఊరుకుంటుందా? బావను ఏమీ అనకు, తప్పు నాదే, లెక్క రాయకుండా ఉండాల్సింది. చక్కెర వెయ్యి పాపం.

లింబయ్య మామ కాళ్లు పట్టుకోమంటే వచ్చి పట్టుకుంటాను. శంకరమ్మ పిడికెడు చాలని చెప్పిందా? నిజంగా నా ఉత్తరం ఆమే చదివిందా? మొత్తం చదివిందా? ఈ ఒక్క సంగతి కనుక్కుని రాయి.

దశరథం


రుద్రూర్
1 మార్చి 1963

తమ్మికి దీవెనలు.

మొత్తం చదివింది. బోరింగు దగ్గర నేనే అడిగాను. తల వంచుకుని, "మీ తమ్మునికి మాటలు శానా వస్తయి" అంది. అంతకు మించి నేను అడగలేదు, నువ్వూ అడగకు.

ఇప్పుడు కుదురుగా చదువు. లింబయ్య కోపం తగ్గలేదు గానీ కొత్త తిక్క పట్టింది. నలుగురిలో ఇలా అన్నాడు. "గంత పెద్ద కార్ఖానోడైతె రమ్మను. నా పెనం మీద అందరి ముంగట ఒక్క వంట వండుమను. పాకం సక్కగ దించితె పిల్లనిస్త. లేకుంటె మళ్ల నా గడప తొక్కద్దు." చెరకు అయిపోవస్తోంది, ఇంకొద్ది రోజులే గానుగ నడుస్తుంది. సెలవు పెట్టి రా.

ఎట్లా వండాలో చెబుతాను, బట్టీ పట్టు. రసం వెచ్చబడగానే బెండకాడలు దంచిన జిగురు పొయ్యి, మడ్డి పైకి తేలుతుంది. సున్నం పిడికెడే. పిడికెడు అంటే నీ పిడికిలి కాదు, శంకరమ్మది. పొంగు మీదికి వస్తే రెండు చుక్కల ఆముదం వెయ్యి, అణుగుతుంది. చివరికి పాకం చల్లనీళ్లలో వేస్తే ఉండ కట్టాలి. కట్టిందా, ఇక రెప్ప కొట్టకు, దించెయ్యి.

మడ్డి శంకరమ్మ తీస్తుంది. నువ్వు మడ్డి దిక్కు చూడకు. నీకు నా మీద ఒట్టు, దశరథం! నీ కండ్లు పాకం మీదుండాలె.

అక్క


కార్ఖానా క్వార్టర్లు
20 మార్చి 1963

అక్కకు, ముఖం చూపించలేని తమ్ముడు రాస్తున్నది.

చెప్పకుండా గానుగ దగ్గరి నుంచే బోధన్ స్టేషనుకు పరుగెత్తినందుకు కొట్టినా పడతాను. నువ్వు ఆడవాళ్లతో దూరంగా కూర్చున్నావు, నీకు కనబడింది పొంగు ఒక్కటే. నా లోపల ఏమైందో చెబుతాను.

నువ్వు చెప్పినట్టే మొదలుపెట్టాను. బెండ జిగురు పోశాను. సున్నం కోసం శంకరమ్మ పిడికిలి చాపింది, ఆమెతోనే వేయించాను. ఊరంతా చుట్టూ కూర్చుంది. అంతా బాగానే నడిచింది. అప్పుడు మడ్డి తేలింది.

అక్కా, నాలుగేండ్ల అలవాటు ఒక్క ఒట్టుతో పోతుందా? ఆమె గరిటెలో మడ్డి తీసి పారబోయబోతుంటే నా చెయ్యి ఆగలేదు. "ఆగు" అని గరిటె అందుకున్నాను. బండ మీద రొట్టెలా పోశాను. మోకాళ్ల మీద వంగి రంగు చూశాను, వేలితో ముట్టి చూశాను. నల్లగా మెరిసింది. నేను ఎక్కడున్నానో మర్చిపోయి కార్ఖానాలో అరిచినట్టే అరిచాను, "సున్నం చాలలేదు!" అని.

లింబయ్య మామ ముఖం నువ్వు చూడాల్సింది. ఆయన ముందు సున్నం మాట ఎత్తిన మొనగాణ్ణి నేనే.

అందరూ పడిపడి నవ్వుతున్నారు, నేనింకా బండ మీద వంగే ఉన్నాను. వెనక పెనం పొంగింది. ఆముదం సీసా తన్ని పడేశాను. మంట తగ్గించబోయి కట్టెలు ఎగదోశాను. తిరిగి చూసేసరికి పాకం ముదిరి, పెనంలోనే బిగుసుకుంది. ఉక్కు గడ్డకట్టకుండా చూడటానికి జీతం తీసుకునేవాణ్ణి, బెల్లాన్ని ఉక్కు చేసి వచ్చాను.

శంకరమ్మ నవ్విందో లేదో చూసే ధైర్యం కూడా లేకపోయింది. ఇక పెళ్లి మాట ఎత్తను. ఆ పెనం బాగయ్యే ఖర్చు ఎంతైనా నేనే పెట్టుకుంటానని మామకు చెప్పు. నాకు మనసు మనసులో లేదు, ఏడుపొస్తోంది.

దశరథం


రుద్రూర్
29 మార్చి 1963

ఓరి పిచ్చోడా,

ఉరికినవ్, ఉరికినవ్, గంత తొందర ఏమొచ్చింది? ఇంకొంచెంసేపు ఆగుంటె నీ చెవులతోని నువ్వే వింటుండె.

నువ్వు పోయిన తర్వాత నలుగురు మనుషులు గడ్డపారలు తెచ్చి పెనంలో బెల్లాన్ని పొడిచారు. నిప్పులు రాలలేదు గానీ అంత పని అయింది. లింబయ్య తువ్వాల దులిపి భుజాన వేసుకుని, "అయిపాయె. మాటంటె మాటే. రామ్‌దాసూ, ఇగ ఈ సంబంధం మాట ఎత్తకుర్రి" అన్నాడు. మీ బావ తల ఊపాడు. నాకు కండ్లల్లో నీళ్లు తిరిగాయి.

అప్పుడు శంకరమ్మ గరిటె పట్టుకునే ముందుకు వచ్చింది. ఇంతమంది మగవాళ్ల ముందు ఆ పిల్ల నోరు తెరవడం నేనెప్పుడూ చూడలేదు.

"బాపూ, నేను ఆయన్నే చేసుకుంట" అంది.

లింబయ్య బిత్తరపోయాడు. "పాకం మాడగొట్టినోన్నా? సున్నం సాలలేదన్నడు గదనే! అది నిజమా?"

"తప్పే. సున్నం సరిపోయింది, నా సేతుల్తోనే ఏసిన. ఆయన సెప్పింది తప్పే. అయినా వంగి సూసిండు." గరిటె కాడతో నువ్వు వంగిన బండను చూపించింది. "పాకం సూసెటోళ్లు ఊరంత ఉన్నరు బాపూ. సిన్నప్పటి సంది పొగల నిలవడి మడ్డి దీస్తున్న. ఎట్ల దీస్తున్ననో నువ్వన్న ఒక్కసారి సూసినవా? ముందుగాల దీస్తె రసం పోతది, ఆలిశమైతె మడ్డి ఇరిగి రసంల కలుస్తది. గా నడుమ గరిటె పెట్టాలె. గది ఈ ఊర్ల ఎవ్వలకు ఎరుక?"

నీ ఉత్తరంలో ముక్కే అది! అక్షరాలు గలీజుగా ఉన్నాయని దాటేసింది కదా, కంఠతా పట్టిందన్నమాట.

ఎవరూ నవ్వలేదు. లింబయ్య పెనం పక్కన కూర్చున్నాడు. పెనంలోంచి రాలిన మాడు బెల్లం ముక్క ఒకటి నోట్లో వేసుకుని, పండ్లతో కొరకలేక బుగ్గన పెట్టుకున్నాడు. "నేనొక్క షరతు పెడ్త" అన్నాడు చివరికి. "అల్లుడు నా ఇంటికి రావొచ్చు, తినొచ్చు, పండుకోవచ్చు. నా పెనం ముట్టద్దు."

వైశాఖంలో ముహూర్తం. ఏడుపు ఆపి సెలవుకు దరఖాస్తు పెట్టుకో.

అక్క


కార్ఖానా క్వార్టర్లు
14 డిసెంబరు 1963

అక్కకు దండాలు.

చలి బాగా ఉంది. శంకరమ్మ ఇక్కడి గోధుమరొట్టెలకు అలవాటు పడింది, నేను ఆమె కారానికి అలవాటు పడుతున్నాను. నిన్న ఇంటివాళ్లకు కార్ఖానా చూపించే రోజు. మంట వెలుగుకు కండ్లకు అడ్డం పెట్టుకునే నీలం అద్దం చేతికిచ్చి బట్టీ ముందుకు తీసుకుపోయాను. నేను చిట్టెం పోసి, చల్లార్చి, విరిచి చూపించాను. పెద్ద మేస్త్రీ పక్కనే ఉన్నాడు. ఈమె ముక్క చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "సున్నం సరిపోయిందా?" అని అడిగింది. ఇంకా చాలలేదన్నాను. "ఈసారన్న నిజమేనా?" అంది. మేస్త్రీకి మన భాష రాదు, కానీ ఆమె గొంతు అర్థమై తెగ నవ్వాడు.

సాయంత్రం చిట్టెం పారబోసే గుట్ట చూపించాను. బండ్లలో తెచ్చి వంచితే ఎర్రగా కిందికి పారింది. శంకరమ్మ చీకటి పడేదాకా అక్కడి నుంచి కదల్లేదు. ఇప్పుడు కాగితం నేను రాస్తానంటోంది, ఇస్తున్నాను.

వదినెకు శంకరమ్మ దండాలు. బాపుకు సదువు రాదు, నువ్వే సదివి ఇనిపియ్యి. బాపూ, నేను కార్ఖానా సూసిన. నువ్వన్నదే నిజం. ఈయన మడ్డి దీసెటోడే. ఎంతమంది ఎన్ని తీర్ల జెప్పినా గా పనే. కాని బాపూ, ఈయన దీసిన మడ్డి గుట్టంత ఉన్నది. నేను కండ్లార సూసిన. నువ్వు రంది పడకు. నేను మంచిగున్న.


రుద్రూర్
3 జనవరి 1964

తమ్మికి, మరదలికి దీవెనలు.

ఉత్తరం చదివి వినిపించాను. లింబయ్య రెండుసార్లు చదివించుకున్నాడు. "గుట్ట అంటె ఎంత ఉంటదమ్మా?" అని అడిగాడు. నేనేం చూశానా, ఉండనీ అని డిచ్‌పల్లి గుట్టంత అన్నాను. బోధన్ సంతకు పోయేసరికి అది రెండు గుట్టలైంది. "మా అల్లుడు మడ్డి దీస్తడు, మామూలు మడ్డి గాదు" అని బండివాళ్లను ఆపి ఆపి చెబుతున్నాడట. ఎవరూ నవ్వడం లేదు, నవ్వితే ఊరుకోడు.

గానుగ మళ్లీ మొదలైంది. పాకం చూడటానికి వేరే మనిషిని పెట్టుకున్నాడు. మడ్డి గరిటె మాత్రం ఎవరి చేతికీ ఇవ్వడం లేదు, తనే పట్టుకుంటున్నాడు. మొన్న చెరకు బండి తోలుకుని మీ బావతో పోతే నేనే చూశాను. పొగలో కండ్లు నులుముకుంటూ గరిటెడు మడ్డి తీసి, బండ మీద పోసి, నడుం పట్టుకుని వంగి చూస్తున్నాడు.

"ఏం కనవడ్తుంది మామా?" అని అడిగాడు మీ బావ.

"ఏం లేదు రామ్‌దాసూ" అన్నాడు ముసలాయన, లేవకుండానే. "ఊకెనే సూస్తున్న. పిల్ల గీడ నిలవడుతుండె గద."

మీ బావ ఎన్నడూ లేనిది నోరు మూసుకుని ఉన్నాడు. పండుగకు బెల్లం పంపుతున్నాము, ఈసారి రంగు బాగా వచ్చింది. దాని మీద తల పెట్టుకుని పడుకోకు.

అక్క
విమల